శ్రీశైలానికి కాలినడక: ముందుగా వేసుకోవలసిన లెక్కలు

(మన సంఘం నాగారం శాఖ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల సమావేశం ముగిసి టీలు తాగుతున్నప్పుడు పుట్టిన మాట ఇది. రాబోయే శివరాత్రికి మనవాళ్ళం కొందరం కాలినడకన శ్రీశైలం పోదామని ఎవరో అన్నారు. టీ గ్లాసులు కింద పెట్టేలోగా ఇరవై ముగ్గురు పేర్లు ఇచ్చారు. వారిలో పద్నాలుగు మంది డెబ్భై దాటినవారే. ఆ మరుసటి రోజు నుండి నాకు ఫోన్లు మొదలయ్యాయి. పేర్లు ఇచ్చినవారి నుండి కాదు, వారి పిల్లల నుండి. "అంకుల్, మా నాన్నకు మీరైనా చెప్పండి, బస్సుండగా ఈ వయసులో నడవడమేమిటి?" అని. వారి భయం ఉత్త భయం కాదు. అందుకే ఈ రోజు వారిని కూడా రమ్మని కార్యదర్శిగారి చేత కబురు పెట్టించాను.

ఇంకొక ఫోను కూడా వచ్చింది. అది మన కుటుంబ పెన్షనరు సోదరి ఒకరిది. ఆమె భర్త, నేను ఒకే సెక్షనులో తొమ్మిదేళ్ళు ఎదురెదురు బల్లల దగ్గర కూర్చొని పనిచేశాం. ఆయనకు గుండె ఆపరేషను అయినప్పుడు, కోలుకుంటే మల్లన్న దగ్గరికి నడిచి వస్తానని మొక్కుకున్నాడు. కోలుకున్నాడు. కానీ ఈ ఏడాది, పై ఏడాది అనుకుంటూ ఉండగానే 2019లో వెళ్ళిపోయాడు. ఆ మొక్కు తాను తీర్చాలని ఆమె పట్టుదల. ఆమెకిప్పుడు అరవై తొమ్మిది, షుగరు కూడా ఉంది. కారులో తీసుకుపోతానని కొడుకు అంటున్నాడు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "అన్నా, నేను నడవగల్గుతనా లేదా, అదొక్కటి చెప్పుండ్రి. తక్కినది నేను చూసుకుంట."

ఆమెకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. లెక్క వేసి చెబుతానన్నాను. ఆ లెక్కే ఈ ప్రసంగం.

నేను డాక్టరును కాను, పురాణ పండితుణ్ణీ కాను. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, మండలాలు వచ్చాక మండల కార్యాలయంలో రిటైరైన మనిషిని. అయితే క్యాంపు ఏర్పాట్లు నాకు తెలుసు. జమాబందీకి ఆఫీసరుగారు పది ఊళ్ళు తిరగాలంటే, ఏ రాత్రి ఎక్కడ బస, అక్కడ మంచినీళ్ళు ఉన్నాయా, వంట ఎవరిది, రికార్డుల పెట్టె ఏ బండిలో, ఇవన్నీ చూసేది గుమాస్తా. ఆఫీసరుగారు ఎంత వేగంగా నడుస్తారన్న ప్రశ్న ఎన్నడూ రాలేదు. కాలినడక యాత్ర కూడా అటువంటిదే. కాళ్ళ బలం సంగతి తరువాత. ముందు మజిలీలు కుదరాలి.

ఈ మాటకు మన తెలుగులోనే పెద్ద సాక్ష్యం ఉంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు మనవంటి ఉద్యోగస్తుడే. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు యాత్ర, వెంట సుమారు వందమంది పరివారం. దారిలో శ్రీశైలం ఎక్కాడు, హైదరాబాదు చూశాడు, అక్కడి నుండి నాగపూరు వైపు సాగాడు. హైదరాబాదు నుండి నాగపూరు పోయే బాట మన మేడ్చల్ మీదుగా పోయేదే కదా. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే భక్తి సంగతులు ఎన్ని ఉన్నాయో, మజిలీ సంగతులూ అన్ని ఉన్నాయి. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, అంగళ్ళు ఉన్నాయా, నీటి వసతి ఏమిటి, దిగడానికి చోటు ఉందా. టూరు డైరీ రాయడం తెలిసిన చేయి అది. ఇంకొక సంగతి గమనించండి. ఆయన పల్లకీ, బోయీలు పెట్టుకొని వెళ్ళాడు. దారి పొడవునా తన కాళ్ళతోనే నడవలేదు. అయినా దాన్ని యాత్ర కాదని ఎవ్వరూ అనలేదు. పిల్లలు, పెద్దలు ఇద్దరూ ఈ మాట గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇక మన దారి. శ్రీశైలానికి కాలిబాటలు చాలా ఉన్నాయి. వాటిలో పేరున్నది కర్నూలు వైపు ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా పోయే అడవి బాట. శ్రీశైలానికి మెట్లు కట్టించినవాడిగా పద్నాలుగో శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డి పేరు చెబుతారు. కన్నడ దేశపు భక్తులు ఉగాదికి వేలకు వేలుగా ఈ బాటనే వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని, మల్లన్న తమ అల్లుడని వారి నమ్మకం. పుట్టింటివారు ఎండకు వెరుస్తారా! దూరం చూస్తే నలభై కిలోమీటర్లు దాటి కొద్దిగానే. అందుకే మనవారిలో కొందరు, "హైదరాబాదు నుండి నడవడం ఎందుకు, ఆత్మకూరు దాకా బస్సులో పోయి అక్కడి నుండి రెండు రోజుల్లో ఎక్కేద్దాం" అంటున్నారు. నా ఓటు దానికి కాదు. భీముని కొలను దగ్గర లోయలోకి మెట్లు దిగాలి, మళ్ళీ అన్నీ ఎక్కాలి. ఎక్కడం ఊపిరికి పరీక్షయితే, దిగడం మోకాళ్ళకు పరీక్ష. మన ఇరవై ముగ్గురిలో మోకాలికి పట్టీ కట్టుకోనివారు ఎందరో ఒకసారి చేతులెత్తి చూపించండి. (సభలో నవ్వులు.) అదీ సంగతి. అడవి మధ్యలో మోకాలు మొరాయిస్తే అక్కడికి బండి రాదు.

కనుక దూరమైనా రోడ్డు దారే మంచిది. నాగారం నుండి ఇ.సి.ఐ.ఎల్., ఉప్పల్, ఎల్.బి.నగర్ మీదుగా తుక్కుగూడ చేరి శ్రీశైలం రోడ్డు పట్టుకోవాలి. ఆపైన కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి, హాజీపూరు, మన్ననూరు. మన్ననూరు దాటితే నల్లమల. ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, కృష్ణ మీద వంతెన, సున్నిపెంట, శ్రీశైలం. మొత్తం సుమారు 230 కిలోమీటర్లు. మన్ననూరు దాకా 155 అనుకుందాం, అక్కడి నుండి 75.

రోజుకు ఎంత నడవాలి? కుర్రవాళ్ళు ముప్ఫయి నడుస్తారు. మనకు పదిహేను చాలు. గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున అయిదు గంటల నడక, మధ్యలో గంట విశ్రాంతి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కదిలితే పదింటికల్లా నీడలో ఉంటాం. మాఘమాసమే అయినా పదకొండు దాటితే తారు రోడ్డు సెగ కొడుతుంది. మన్ననూరు వరకు పదకొండు రోజులు. అడవిలో లెక్క వేరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఆ రోడ్డు మీద రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలను ఆపేస్తారు. రాత్రి వాహనాలకే లేని దారి మనకూ వద్దు. కాబట్టి ఆరు దాటాకే కదలాలి, ఎండెక్కేలోగా ఆగాలి. అక్కడ రోజుకు పన్నెండు కిలోమీటర్లు చాలు, అంటే ఏడు రోజులు. విశ్రాంతికి ఆమనగల్లులో ఒక రోజు, అడవిలోకి అడుగు పెట్టే ముందు మన్ననూరులో ఒక రోజు. మొత్తం ఇరవై రోజులు.

ఎప్పుడు బయలుదేరాలి? శివరాత్రి నాటికే చేరాలని అందరి ఉబలాటం. ఆనాటి జనసమ్మర్దంలో నిలబడటం మనవల్ల కాదు. మూడు రోజులు ముందుగా, మాఘ బహుళ ఏకాదశికి చేరుకుందాం. వెనక్కి లెక్కిస్తే రథసప్తమి నాడు బయలుదేరాలి. తిథుల హెచ్చుతగ్గులను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ఇందులో ఒక సౌకర్యం ఉంది. మొదటి వారం తెల్లవారుజామున చంద్రుడు ఉండడు, అప్పుడు మనం వీధిదీపాలున్న ఊళ్ళ దగ్గరే ఉంటాం. పౌర్ణమి దాటాక దీపాలు లేని రోడ్డు మీదికి వస్తాం, అప్పటికి తెల్లవారుజాము వెన్నెల తోడుంటుంది. వెన్నెల ఉన్నా సరే, వీపున, ఛాతీ మీద మెరిసే పట్టీ ఉండాలి, చేతిలో టార్చి ఉండాలి, ఎదురు వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన ఒకరి వెనక ఒకరు నడవాలి. మన ప్రాణానికి పులి కన్నా లారీతోనే ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు అందరూ మొహమాటపడి మాట్లాడని విషయం. మజిలీ చూడటానికి పోయినవారు సాధారణంగా వంటచోటు, పడకచోటు చూసి బాగుందని వచ్చేస్తారు. నేను ముందు చూసేది మరుగుదొడ్డి. మన మగవాళ్ళలో ప్రోస్టేటు బాధ ఉన్నవారు రాత్రి నాలుగుసార్లు లేవాలి. చీకట్లో తెలియని చోట జారిపడితే తుంటి ఎముక, దాంతో యాత్ర సరి. ఆడవారి ఇబ్బంది చెప్పనే అక్కరలేదు. దారిలో చాటు దొరకదని నీళ్ళు తాగడమే మానేస్తారు, నీళ్ళు మానేస్తే కళ్ళు తిరుగుతాయి. అందుచేత మజిలీలు చూడటానికి పోయే ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలని నా ప్రతిపాదన. వారు సరేనన్న చోటే దిగుదాం. బడి కానీ, ఫంక్షను హాలు కానీ, గుడి సత్రం కానీ, తలుపు వేసుకోవడానికి వీలై, లోపల దీపం, నీళ్ళు ఉంటే చాలు. దారిలో అన్నదానాలు చేసే పుణ్యాత్ములు ఉంటారు, నిజమే. కానీ షుగరు మనిషికి వేళకు తిండి పడాలి, దొరికిన చోట తినడం కుదరదు. ఒక బండి, వంటమనిషి మన వెంట ఉండాలి.

షుగరు సంగతి ఇంకొంచెం చెప్పాలి. రోజూ పదిహేను కిలోమీటర్లు నడిచే మనిషికి ఇంటి దగ్గర వేసుకునే మోతాదు మాత్ర, ఇన్సులిన్ ఎక్కువ కావచ్చు. షుగరు పడిపోతే చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తాయి. వెంటనే గ్లూకోజో, పంచదార నీళ్ళో తాగించాలి. ఏ మాత్ర ఎంత తగ్గించాలో డాక్టరుగారు కాగితం మీద రాసివ్వాలి. మనలో మనం చెప్పుకొని తగ్గించుకోవడం వద్దు. బి.పి.కి నీళ్ళు పోయే మాత్ర వాడేవారూ అడిగి తెలుసుకోవాలి. ఇక పాదాలు. చెప్పులు లేకుండా నడుస్తామని నలుగురు అన్నారు. షుగరు ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది. ముల్లు దిగినా తెలియదు, పుండు పడితే వేలు పోయేదాకా వస్తుంది. వారు బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకోవలసిందే. కొత్త బూట్లు పనికిరావు, రెండు నెలలుగా తొడిగి నలిగినవి కావాలి. ప్రతి సాయంత్రం ఒకరి పాదాలు ఒకరు దీపం వెలుగులో చూడాలి. దీనికి సిగ్గుపడేవారు పేరు వెనక్కి తీసుకోవచ్చు. చెప్పులు గుడి ముందు ఎలాగూ విడుస్తాం.

కొన్నేళ్ళ కింద వేరే కాలనీ నుండి ఒక బృందం ఇలాగే బయలుదేరింది. వేగంగా నడిచేవారు నీళ్ళ బండితో సహా ముందుకు పోయారు. డెబ్భై ఒక్క ఏళ్ళ ఒకాయన రెండు గంటలు వెనకబడి రోడ్డు పక్కన కూలబడ్డాడు. లారీ ఆపి టీ ఇచ్చి కూర్చోబెట్టిన డ్రైవరు లేకపోతే ఏమయ్యేదో. ఆయనే నాకు ఈ మాట చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు. మన బృందంలో మా ఇంటావిడ కూడా వస్తున్నది. అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఆమే. కాబట్టి ఆమె అందరికన్నా ముందు నడుస్తుంది. ఆమెను దాటి ఎవరూ పోకూడదు. ఆమె కూర్చుంటే అందరూ కూర్చోవాలి. ఇది ఆమెకు ఇంకా చెప్పలేదు, ఇప్పుడు వింటున్నది. (నవ్వులు.) బండి అందరికన్నా వెనక రావాలి.

బండి ఎక్కితే మొక్కు చెల్లదా అని అడిగారు ఒకరు. మా పెద్దమ్మాయి కుటుంబం ఫ్రాన్సులో ఉంటుంది. అక్కడ ల్ ప్యుయి అనే ఊరి నుండి స్పెయిన్‌లోని సాంతియాగో దాకా క్రైస్తవుల యాత్రాబాట ఒకటి ఉంది. 950వ సంవత్సరం ప్రాంతంలోనే ల్ ప్యుయి బిషప్పు ఆ యాత్ర చేశాడట. ఫ్రాన్సులోని ఈ బాటలను 1998లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. స్పెయిన్ సరిహద్దు దాకానే ఏడు వందల కిలోమీటర్ల పైన, అంతా పల్లెలు, పచ్చిక బయళ్ళు. ప్రతి మజిలీలో యాత్రికుడి చేతిపుస్తకంలో ముద్ర వేస్తారు, మన సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ వేసినట్టు. డబ్బు కడితే సామాను మోసే బండ్లు ఉన్నాయి. మా అమ్మాయి చెప్పినదాంట్లో నాకు నచ్చింది వేరు. అక్కడివారిలో చాలామంది ఒక్కసారిగా నడవరట. ఈ ఏడాది ఒక వారం నడిచి ఒక ఊళ్ళో ఆపుతారు, వచ్చే ఏడాది ఆ ఊరికే వచ్చి అక్కడి నుండి మొదలుపెడతారు. రిటైరైనవారు పదేళ్ళు తీసుకున్నా తప్పు పట్టేవారు లేరు. సాంతియాగోలో పత్రం ఇవ్వడానికి కూడా, కాలినడకన చివరి వంద కిలోమీటర్లు నడిస్తే చాలునంటారు.

ఈ పద్ధతి మనకు రెండు విధాల పనికివస్తుంది. మొదటిది అడవిలో. పన్నెండు కిలోమీటర్లకొక మజిలీ అక్కడ దొరకదు. ఆపిన చోట కిలోమీటరు రాయి నంబరు రాసుకుందాం. బండిలో బస చోటికి పోయి, తెల్లవారి అదే రాయి దగ్గర దిగి మళ్ళీ నడుద్దాం. నంబరు నా నోటుబుక్కులో ఉంటుంది కనుక మల్లన్నకు అనుమానం అక్కరలేదు. అడవిలో నడకకు అనుమతి, ఆ ఏడాది అటవీశాఖ ఇచ్చే ఉత్తర్వుల ప్రకారమే. డిసెంబరులోనే దరఖాస్తు పెట్టి, పేర్లు, వయసులు, ఫోను నంబర్లు జతపరిచి, నకలు పోలీసువారికి పంపుదాం. అనుమతి రాకపోతే మన్ననూరు నుండి సున్నిపెంట దాకా అందరూ బండిలోనే.

రెండోది, జట్లు. అందరూ ఇరవై రోజులు నడవనక్కరలేదు. డాక్టరు సరేనన్నవారు, కీసరగుట్టకు వరుసగా నాలుగు ఆదివారాలు నడిచి మరునాడు మామూలుగా లేవగలిగినవారు నాగారం నుండే బయలుదేరుతారు. రెండో జట్టు మన్ననూరుకు బస్సులో వచ్చి కలుస్తుంది. మూడో జట్టు సున్నిపెంటలో దిగి, అక్కడి నుండి గుడి దాకా పన్నెండు పదమూడు కిలోమీటర్లు నడుస్తుంది. ఈగలపెంట దాటాక కృష్ణ దాకా ఘాటు దిగి, వంతెన దాటి మళ్ళీ ఎక్కాలి కదా, ఆ దిగుడు వీరికి తప్పుతుంది. ఈ చివరి దూరం ఇంచుమించు మన నాగారం నుండి కీసరగుట్టకు ఉన్నంతే.

సోదరికి నా జవాబు ఇదే. ఇరవై రోజుల నడక మీకు వద్దమ్మా. ఇది నా మాట, డాక్టరుగారు ఇంతకన్నా తక్కువే చెప్పవచ్చు. కానీ సున్నిపెంట నుండి మీరు నడవగలరు. మీ ఆయన ఎంత దూరం నడుస్తానని మొక్కుకున్నాడో నాకు తెలుసు, ఆసుపత్రిలో మంచం పక్కన నేనే ఉన్నాను. "నడిచి వస్తా" అన్నాడే కానీ, ఎక్కడి నుండి అన్నది చెప్పలేదు. ఇరవై ఏళ్ళు నోట్ ఫైళ్ళు రాసిన మనిషి, ఊరికే అలా వదిలి ఉండడు.

బాబూ, ఆమె కొడుకుగా నీకు రెండు పనులు. అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఆ కాగితం తేవాలి. కారులో తీసుకుపోతానన్నావు కదా, సున్నిపెంట దాకా అలాగే తీసుకురా. అక్కడ కారు ఆపి, అమ్మ పక్కన నువ్వు కూడా నడువు. మిగిలిన పిల్లలకూ ఇదే మనవి. వద్దని చెప్పేముందు మీ నాన్నగారితో ఒక్క ఆదివారం కీసరగుట్టకు నడిచి చూడండి. అప్పటికీ వద్దనిపిస్తే, నాకు ఫోను చేయండి, పేరు నేనే కొట్టేస్తాను.

లెక్కలు కొన్ని మిగిలాయి. బండి, వంటమనిషి, సరుకులు, బసల ఖర్చు మొత్తం రాసి వచ్చే సమావేశంలో పెడతాను. మూడు జట్లకు మూడు రకాలుగా వస్తుంది. ఖర్చు ఒప్పుకున్నాకే డబ్బు వసూలు. ఇరవై రోజులకు కాక ముప్ఫయి రోజులకు మందులు తెచ్చుకోవాలి, సగం మన సంచిలో, సగం బండిలో. హెల్త్ కార్డు, ఆధార్ నకళ్ళు, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీ జేబులో ఉండాలి. తిరుగు ప్రయాణం అందరికీ బస్సులోనే. తిరిగి నడిచి వస్తామన్న ఇద్దరి దరఖాస్తులు తిరస్కరించడమైనది.

మొదటి కీసరగుట్ట నడక వచ్చే ఆదివారం. తెల్లవారుజామున నాలుగున్నరకు నాగారం చౌరస్తాలో కలుద్దాం, అయిదుకు కదులుదాం. పైన కోతులున్నాయి, చేతుల్లో సంచులు ఊపుకుంటూ రావద్దు. నీళ్ళ సీసా ఎవరిది వారే తెచ్చుకోవాలి. పేర్లు రాసుకోవడానికి కాగితం, పెన్ను నా దగ్గర ఉంటాయి.